జిదాఫ్స్ పిల్లలకు ఏ ఇండియాను చూపిస్తున్నాం?

మొహర్రం నెల వచ్చిందంటే బహ్రెయిన్‌లోని జిదాఫ్స్ వీధులు నల్లబడతాయి. ఇళ్ళ ముందు, మాతంల ముందు నల్లజెండాలు లేస్తాయి. రాత్రిపూట మైకుల్లో శోకగీతాలు వినిపిస్తాయి. హైదరాబాదు పాతబస్తీలో మాతం అంటే గుండెలు బాదుకుంటూ చేసే శోకం. బహ్రెయిన్‌లో ఆ శోకసభ జరిగే భవనానికే ఆ పేరు. రెండేళ్ళ కిందట ఆ రోజుల్లోనే మా పక్క ఫ్లాటులో ఉండే తొమ్మిదో తరగతి కుర్రాడు వాళ్ళ నాన్నను అడిగాడు, మన కల్చర్‌లో ఇట్లాంటిది లేదు కదా అని. ఆయన అనంతపురం టౌనులో పుట్టి పెరిగిన మనిషి. "మనకెందుకుంటుందిరా, ఇది వీళ్ళది" అనేశాడు. మర్నాడు ఊళ్ళో ఉన్న అవ్వతో ఫోనులో మాట్లాడుతూ పిల్లవాడు అదే ప్రశ్న మళ్ళీ వేశాడు. అవ్వ నవ్వింది. "ఎందుకు లేదురా నాయనా, మీ తాత పదేండ్లు పీరెత్తినాడు గదా!"

అనంతపురం జిల్లా నార్పల మండలంలో గూగూడు అనే ఊరుంది. అక్కడి కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు మొహర్రంలో రాయలసీమ నలుమూలల నుంచీ జనం వస్తారు. వాళ్ళలో హిందువులే ఎక్కువ. పీర్ల చావిడి ముందు గుండం తవ్వి నిప్పులు తొక్కుతారు, ఫాతెహా చదివిస్తారు, బిడ్డలకు కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. తెలుగు కవి, పరిశోధకుడు అఫ్సర్ ఆ ఊళ్ళో ఉండి, ఆ పండుగను దగ్గర నుంచి చూసి రాసిన ఇంగ్లిషు పుస్తకం ‘ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ను ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2013లో వేశారు. అంటే జిదాఫ్స్ వీధిలో ఆ పిల్లవాడు చూసినదానికి వాళ్ళ సొంత జిల్లాలోనే ఒక చుట్టరికం ఉంది. దాని మీద పుస్తకమూ ఉంది. తండ్రికి తెలియదు, అంతే.

ఆ ఫోను సంభాషణ విన్నప్పటి నుంచీ నన్నొక ప్రశ్న పట్టుకుంది. సినిమాలతో, పుస్తకాలతో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు భారతీయ సంస్కృతిని పరిచయం చేద్దామని గల్ఫులో అందరం అంటాం. ఏ సినిమాలు, ఏ పుస్తకాలు, అందులో ఏ ఇండియా అన్నది మాత్రం తేల్చుకోం. ఈ పని ఇప్పటిదాకా ఎవరెలా చేశారు, ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని ఒకసారి మొత్తంగా చూడాలనిపించింది.

మొదట గుర్తుకొచ్చేది నెహ్రూ. 1928 వేసవిలో ముస్సోరీలో ఉన్న పదేళ్ళ కూతురికి ఆయన రాసిన ఉత్తరాలు మరుసటి ఏడు పుస్తకంగా వచ్చాయి. కూతురికి దేశాన్ని చెప్పబోయి ఆయన దేవుళ్ళతోనో రాజులతోనో మొదలుపెట్టలేదు. భూమి ఎలా పుట్టిందో, రాళ్ళు ఏం చెబుతాయో అక్కడ మొదలుపెట్టాడు. తర్వాత అహ్మద్‌నగర్ కోట జైలులో రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ను శ్యామ్ బెనగళ్ 1988లో దూరదర్శన్ కోసం ‘భారత్ ఏక్ ఖోజ్’గా 53 భాగాలు తీశాడు. పుస్తకాన్నీ తెరనీ కలిపి ఒక తరానికి దేశాన్ని చూపించిన ప్రయత్నాల్లో అంత పెద్దది నాకు ఇంకోటి కనిపించదు.

రెండో దారి అనంత్ పాయ్‌ది. దూరదర్శన్ క్విజ్‌లో గ్రీకు దేవుళ్ళ గురించి టకటకా చెప్పిన పిల్లలు రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారని బాధపడి 1967లో ఆయన అమర చిత్ర కథ మొదలుపెట్టాడు. ఆ బొమ్మల పుస్తకాలు విదేశాల్లోని భారతీయ ఇళ్ళన్నిటికీ చేరాయి, మా ఇంటికి కూడా. పదేళ్ళలోపు వాళ్ళకు అవి బాగానే పనిచేస్తాయి. పద్నాలుగేళ్ళ పిల్ల అదే పుస్తకం తెరిస్తే, ఇందులో రాక్షసులందరూ నల్లగా ఎందుకున్నారు అని అడుగుతుంది. అడగాలి కూడా. ఆ ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలో దొరకదు.

మన సంఘాల కార్యక్రమాలు ఎక్కువగా ఈ రెండో దారిలోనే నడుస్తున్నాయి. ఉగాదికి పంచాంగ శ్రవణం, సంక్రాంతికి ముగ్గుల పోటీ, వేదిక మీద కూచిపూడి, ఫ్యాన్సీ డ్రెస్సులో చిన్ని కృష్ణుడు. పాపం, వారమంతా ఉద్యోగాలు చేసి, సెలవు రోజున ఇన్నీ నడిపేవాళ్ళ శ్రమను తక్కువ చేయను. అయితే ఆ హాల్లో వెనక వరసల్లోకి చూడండి. పదేళ్ళలోపు పిల్లలు వేదిక మీద ఉంటారు, పదిహేనేళ్ళవాళ్ళు కుర్చీల్లో ఫోను పట్టుకుని ఉంటారు. వాళ్ళకు అక్కడ పని లేదు. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వేలాదిమంది పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పింది. మారిషస్‌లో ప్రభుత్వ బడుల్లోనే తెలుగు చెబుతారు. సి.బి.ఎస్.ఇ. సబ్జెక్టుల జాబితాలో ఆంధ్రప్రదేశ్ తెలుగు ఒకటి, తెలంగాణ తెలుగు ఒకటి ఉన్నాయి. జాబితాలో ఉన్నంత మాత్రాన బడిలో తెలుగు మాస్టారు ఉంటారని కాదు. పైగా భాష నేర్పడంతోనే పని అయిపోదు. అ ఆలు వచ్చిన పిల్ల ఆ తర్వాత ఏం చదవాలి?

ఈ విషయంలో మలయాళీలను చూసి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మనామాలోని బహ్రెయిన్ కేరళీయ సమాజం 1947 నాటిది. వాళ్ళకు గ్రంథాలయముంది, నాటకాలున్నాయి, పుస్తక ప్రదర్శనలున్నాయి. కేరళ ప్రభుత్వం 2009లో పెట్టిన మలయాళం మిషన్ పిల్లలను మెట్టుమెట్టుగా పైకి తీసుకెళ్ళే కోర్సులు నడుపుతుంది. ఆ మెట్లకు కణిక్కొన్న, సూర్యకాంతి, ఆంబల్, నీలకురింజి అని పూల పేర్లు పెట్టారు. ఆఖరి మెట్టు చేరేసరికి పిల్లలు కౌమారంలో ఉంటారు. మన ఏర్పాట్లు సరిగ్గా ఆ వయసు దగ్గరే తెగిపోతున్నాయి.

ఇక సినిమాల సంగతి. ఇక్కడి తెలుగు పిల్లలకు సినిమా కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. జిదాఫ్స్ పక్కనే సనాబిస్‌లో దానా మాల్ ఉంది, సినిమా అక్కడే చూస్తారు. ‘ఆర్ఆర్ఆర్’ చూడని పిల్లవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే అక్కడే మొదలుపెట్టమంటాను. పిల్లలకు నచ్చిన సినిమాను తక్కువ చేసి పాత ఆణిముత్యం ఒకటి నెత్తిన రుద్దితే వాళ్ళు రెండోసారి మన దగ్గర కూర్చోరు.

శుక్రవారం సాయంత్రాలు మా హాల్లో నలుగురైదుగురు పిల్లలతో నేను చేస్తున్నది ఇదే. ఆ సినిమాలో స్నేహితులైన అల్లూరి సీతారామరాజు, కొమురం భీం నిజానికి ఎప్పుడూ కలుసుకోలేదన్న ఒక్క మాటతో మొదలుపెడతాను. ఆ మాటకే సగం మంది లేచి కూర్చుంటారు. ఒకరు 1924లో చనిపోయారు, ఇంకొకరు 1940లో. ఒకరి పోరాటం మద్రాసు ప్రెసిడెన్సీ మన్యంలో, ఇంకొకరిది నిజాం రాజ్యంలోని ఆదిలాబాదు అడవిలో. మరి ఇద్దరి కథలూ ఒకేలా ఎందుకున్నాయి? అక్కడి నుంచి అడవి చట్టాల్లోకి వెళతాం. పోడు కొట్టుకుని బతికే మనిషికి 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఏం చేసింది, పశువులను మేపుకున్నందుకు గోండులు పన్నెందుకు కట్టాలి అని. ఆ తర్వాత 1974లో కృష్ణ తీసిన ‘అల్లూరి సీతారామరాజు’లో కొన్ని ఘట్టాలు చూస్తాం. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల నుంచి కొన్ని పేజీలు నేను పైకి చదువుతాను. భీం పోయాక నిజాం ప్రభుత్వం గోండుల మధ్యకు హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపి అధ్యయనం చేయించిందని, ఆయన 1948లో ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ ప్రచురించాడని చెబితే ఒక అమ్మాయి అడిగింది: "అంటే ఆయన చనిపోయాకే వాళ్ళ గురించి తెలుసుకోవాలనిపించిందా అంకుల్?" నేను మూడు వారాలు చెప్పినా ఆ ప్రశ్నకు సరితూగేది కాదు.

సినిమాను వదిలి పుస్తకానికి వెళ్ళడం, పుస్తకం చూపిన దానితో మళ్ళీ సినిమాను నిలదీయడం, నేను పద్ధతి అంటున్నది దీన్నే. ఒకే కథ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఎవరో ఎక్కడో ఏదో ఎంచుకున్నారని పిల్లలకు అర్థమవుతుంది. సంస్కృతి అంటే అలా ఎవరో ఒకరు ఎంచుకుంటూ వచ్చిందే అని ఆ వయసులో తెలిస్తే, దాన్ని మొక్కుబడిగా మొయ్యరు, విసుగుతో పారెయ్యరు.

దీనికి ‘మాయాబజార్’ కంటే మంచి సాక్ష్యం మన దగ్గర లేదు. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఈ సినిమా పిల్లలకు నచ్చుతుందా అని మొదట భయపడ్డాను. ఘటోత్కచుడు వచ్చేసరికి నా భయం పోయింది. శశిరేఖ వేషంలో ఉన్న ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిని సావిత్రి నటించి చూపిస్తుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. అయిపోయాక చెప్పాను, వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదని. పిల్లలు నమ్మలేదు. మరి ఈ కథ ఎవరిది? జనం చెప్పుకున్నది, నాటకాలవాళ్ళు ఆడినది, చివరికి పింగళి నాగేంద్రరావు మాటలు పోసినది. అస్మదీయులు, తస్మదీయులు, గింబళి, గిల్పం లాంటి మాటలు ఆయన సినిమా కోసం తీర్చినవీ కొత్తగా పుట్టించినవీ అంటే, మనమూ మాటలు పుట్టించొచ్చా అని అడిగి ఆ వారమంతా పుట్టించారు. ఈ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జూలైలో చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాని వెనక ఉండి కథలను తీర్చిదిద్దినది కొడవటిగంటి కుటుంబరావు. ఒక పక్క హేతువాది, ఇంకో పక్క నెలనెలా బేతాళుడిని చెట్టెక్కించే సంపాదకుడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఇమడడం పిల్లలకు వింతగా ఉంటుంది. నాకు మాత్రం తెలుగువాళ్ళ గురించి చెప్పాల్సిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి అనిపిస్తుంది.

ఆడపిల్లల విషయానికొస్తే ఎక్కువ జాగ్రత్త కావాలి. మన పాత సినిమాలు చూపించే ఆదర్శ స్త్రీని ఈ తరం అమ్మాయిలు ఒప్పుకోరు. ఒప్పుకోమని బలవంతం చేసే హక్కు మనకూ లేదు. నేను డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ తీసుకున్నాను. 1950ల విశాఖపట్నం, ఒక మేడ మీది వాటా. తండ్రి బరువు మోస్తూ ఉద్యోగం చేసే ఇందిర తన బతుకు గురించి తానే లెక్కలు వేసుకుంటుంది, ఎవరికీ సంజాయిషీ చెప్పదు. 1963లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘చదువుకున్న అమ్మాయిలు’కు ఆ నవలే ఆధారం. అప్పటికి రచయిత్రి లేరు. నవల నుంచి తెర మీదికి వచ్చేసరికి చాలా మారిపోయింది. సినిమా హాయిగా ఉంటుంది, పాటలు బాగుంటాయి. నవలలోని ఇందిర మాత్రం అందులో దొరకదు. ఆమె ఎక్కడ తప్పిపోయిందో వెతకమని చెబితే పదహారేళ్ళ అమ్మాయిలు రెండు వారాలు దాని మీదే వాదించుకున్నారు. ఒక తల్లి నాకు ఫోను చేసి, ఇలాంటి పుస్తకాలు ఇస్తున్నారేంటండీ అంది. పుస్తకం ముందు మీరు చదవండమ్మా అన్నాను. చదివింది, మళ్ళీ ఫోను చేయలేదు. కూతుర్ని మాత్రం మానిపించలేదు.

‘కన్యాశుల్కం’ కూడా ఇదే వరసలోది. 1897లో మొదటిసారి అచ్చయి, 1909లో దాదాపు కొత్త నాటకంగా మారిన ఆ రచన 1955లో సినిమా అయింది. తెలుగు లిపి రాని పిల్లలకు వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లిషు అనువాదం ‘గర్ల్స్ ఫర్ సేల్’ ఉంది. ఇంగ్లిషులో చదివితే అది మన సంస్కృతి ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. ఇంగ్లిషులోనైనా ఆ నాటకంలోని మధురవాణి తెలియడం, తెలుగులో ఎవరూ తెలియకపోవడం కంటే మేలని నా గట్టి అభిప్రాయం. ఆమె మీద ఇష్టం పుట్టాక తెలుగులో ఆమె ఎలా మాట్లాడిందో వినాలనిపిస్తుంది. అప్పుడు పెద్దవాళ్ళు పైకి చదివి వినిపించాలి. ఇక్కడి పిల్లల్లో చాలామందికి చెవికి తెలుగు వచ్చు, కంటికి రాదు. ఆ చెవిని మనం వాడుకోవడం లేదు.

చెవి అనగానే యాస గుర్తొస్తుంది. గల్ఫుకు వచ్చిన తెలుగువాళ్ళలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్ళు ఎంతమందో. ఇళ్ళలో ఆ యాస మాట్లాడుకుంటూ, సంఘం వేదిక ఎక్కగానే పుస్తకాల తెలుగుకు మారిపోతారు. ‘బలగం’ చూపించిన రోజున జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఇంటి పిల్లవాడు మధ్యలో లేచి "ఇది మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంది" అన్నాడు, గట్టిగా. పిండాన్ని కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదీ ఎందుకు కలవరపడతారో మిగతా పిల్లలకు చెప్పింది వాడే. ఆ రోజు మాస్టారు వాడే, నేను కాదు. ‘మల్లేశం’ కూడా అలాగే ఉపయోగపడింది. ఆసు పోసీ పోసీ తల్లి భుజాలు పడిపోతుంటే యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం కథ అది. సైన్సు చదివే పిల్లలకు అది సంస్కృతి పాఠమని చెప్పనే అక్కర్లేదు, యంత్రం ఎలా పనిచేస్తుందని మొదలుపెట్టి పోచంపల్లి చీర దాకా వాళ్ళే వస్తారు.

కులం గురించి మాట్లాడకుండా ఈ పని సగమే అవుతుంది. 1938 నాటి ‘మాలపిల్ల’ పేరు చెబితే పిల్లలు అర్థం అడుగుతారు, పెద్దవాళ్ళు తల తిప్పుకుంటారు. సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతి ఇంగ్లిషు పాఠ్యపుస్తకంలో తమిళ రచయిత్రి బామ చిన్ననాటి అనుభవం ఉంది. బడి ధైర్యంగా చెబుతున్నది ఇంట్లో దాచడంలో అర్థం లేదు. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ ఇంగ్లిషులోనూ దొరుకుతుంది. పదిహేడు దాటినవాళ్ళకు అది ఇస్తాను. వయసు చూసుకోవడం అవసరమే. సెన్సారువాళ్ళు కూడా 2024 నుంచి యు/ఎ ముద్రను 7, 13, 16 ఏళ్ళ మెట్లుగా విడగొట్టారు. హింస ఎంతుందో ఆ ముద్ర చెబుతుంది, బుద్ధి ఎంతుందో మనమే చూసుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన పుస్తకం. ‘ఆడుజీవితం’ రాసిన బెన్యామిన్ చాలా ఏళ్ళు బహ్రెయిన్‌లోనే ఉద్యోగం చేశాడు. ఇక్కడ ఉండగానే ఆ కథకు మూలమైన మనిషిని కలిశాడు, ఇక్కడ ఉండగానే నవల రాశాడు. 2008లో మలయాళంలో, 2012లో ‘గోట్ డేస్’ పేరుతో ఇంగ్లిషులో వచ్చింది. 2024లో బ్లెస్సీ సినిమా తీశాడు. సౌదీ ఎడారిలో మేకల మంద మధ్య బందీ అయిపోయిన కూలీ కథ అది. తెలుగులో ‘గల్ఫ్’ అనే సినిమా 2017లో వచ్చింది. మన జగిత్యాల, సిరిసిల్ల, రాజంపేట ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ కథలూ ఇలాంటివే ఎన్నో. ఏసీ ఫ్లాటులో పెరిగే మన పిల్లలు బస్సు కిటికీలోంచి రోజూ చూసే నీలం బట్టల మనుషులు వాళ్ళు. భారతీయ సంస్కృతి అని మనం ఎల్లోరాను, తంజావూరును చూపిస్తాం. ఎర్రటి ఎండలో ఈ దేశపు గోడలు కట్టిన మనిషి తన ఊరి పాటనో, బతుకమ్మకు ఇంటికి పోలేని దిగులునో మోస్తున్నాడు. అది సంస్కృతి కాదా? ‘గోట్ డేస్’ చదివిన ఒక పదో తరగతి పిల్లవాడు ఆ వారం తమ బిల్డింగు వాచ్‌మన్‌ను ఊరు పేరు అడిగాడట. ఆయనది కోరుట్ల పక్క ఊరు. ఐదేళ్ళుగా రోజూ చూస్తున్నా ఆయన తెలుగువాడని వీళ్ళింట్లో ఎవరికీ తెలియదు.

ఇంకొక మాట. ఇండియా దూరంగా ఉందని, దాన్ని సినిమా రీళ్ళలోనో పుస్తకాల పెట్టెలోనో ఇక్కడికి తేవాలని మనం అనుకుంటాం. జిదాఫ్స్ నుంచి కారులో పది నిమిషాలు వెళితే బహ్రెయిన్ కోట వస్తుంది. 1950లలో అక్కడ తవ్విన డేనిష్ బృందంలోని జెఫ్రీ బిబీ తన ‘లుకింగ్ ఫర్ దిల్మున్’లో రాశాడు, అక్కడ దొరికిన తూకపు రాళ్ళు సింధు నాగరికత తూకాలతో సరిపోయాయని. నాలుగు వేల ఏళ్ళ కిందట ఇక్కడి వర్తకుడు, మొహెంజొదారో వర్తకుడు ఒకే కొలతతో సరుకు తూచుకున్నారు. మొన్న మొన్నటిదాకా, 1965లో దీనారు వచ్చేవరకూ, ఇక్కడ చెలామణి అయింది రూపాయే. పది రూపాయలకు ఒక దీనారు ఇచ్చారు. అందుకే జిదాఫ్స్ బజారులో ముసలాయన ఇప్పటికీ నూరు ఫిల్సులను రుబియా అంటాడు, బంగాళాదుంపను ఆలూ అంటాడు. ఈ గల్ఫు నీళ్ళలో మునిగి తీసిన ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు చేరాయి. చార్మినార్ దగ్గర ముత్యాల దండ కొన్న ప్రతి తెలుగు ఇంటికీ ఈ సముద్రంతో సంబంధముంది. పిల్లలను ఒక సాయంత్రం ఆ కోట గోడ మీద కూర్చోబెట్టి బిబీ పుస్తకంలో ఆ భాగం చదివితే, మనం ఇక్కడికి పరాయివాళ్ళమన్న భావం కొంచెం సడలుతుంది. నేను చదివాను. గాలి బాగా వేసింది, పేజీలు పట్టుకోవడానికి ఇద్దరు కావాల్సి వచ్చారు.

చేసేవాళ్ళ కోసం నా అనుభవంలోంచి కొన్ని సంగతులు. మూడు గంటల సినిమాను ఒక్క బిగిన చూపించొద్దు, రెండు శుక్రవారాలకు పంచండి. మధ్యలో ఉన్న వారంలోనే అసలు మాటలు పుడతాయి. సినిమా అయిపోగానే దీనివల్ల మీరేం నేర్చుకున్నారు అని అడగొద్దు, బడి గంట కొట్టినట్టుంటుంది. నచ్చలేదన్న పిల్లను ఎందుకు నచ్చలేదో చెప్పనివ్వండి. ‘శంకరాభరణం’ నచ్చలేదని ఒక పిల్ల గంటసేపు చెప్పింది, నా గుండెల్లో రాయి పడ్డా విన్నాను. శంకరశాస్త్రి తులసి పక్కన నిలబడినా మిగతా ఆడవాళ్ళ సంగీతం ఏమైందని ఆ పిల్ల అడిగిన మాట నేను నలభై ఏళ్ళలో అనుకోలేదు. తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టండి, వెనక వరసలో. ఊరి సంగతులు వాళ్ళ నోట బయటికొస్తాయి. ఫోనులో అవ్వలను, నాయనమ్మలను కలపండి. పుస్తకాలు కొనడానికి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు సూట్‌కేసులో రెండు కిలోల చోటు వదలండి. పచ్చళ్ళకు వదులుతున్నాం కదా.

వచ్చే నెల మాది ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’. నెల్లూరు జిల్లా ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లవాడి కథలు, నవ్వుతూ చదవొచ్చు. ఎంచింది నేను కాదు, పీరెత్తిన తాత మనవడు. మొదటి కథ పైకి తనే చదువుతానన్నాడు. తెలుగు అక్షరాలు ఇంకా కూడబలుక్కునే దశలోనే ఉన్నాడు కాబట్టి రోజూ రాత్రి వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని సాధన చేస్తున్నాడట. ఒత్తుల దగ్గర ఆగిపోతే అనంతపురానికి ఫోను వెళుతోంది.